అంతర్జాలంలో పాత నగల కొనుగోలు – కొనుగోలుదారు హక్కులు

ఒకరు వాడిన నగను మరొకరు అంతర్జాలం ద్వారా కొన్నప్పుడు, అది అమ్మకందారు వర్ణించినట్లు లేకపోతే కొనుగోలుదారుకు భారతదేశంలో పలు చట్టబద్ధమైన మార్గాలు ఉన్నాయి. నగను తిప్పి ఇచ్చి సొమ్ము తిరిగి పొందడం, ధరలో తేడాను రాబట్టడం, నష్టపరిహారం కోరడం, మోసం జరిగిన సందర్భాలలో పోలీసులకు ఫిర్యాదు చేయడం వీటిలో ముఖ్యమైనవి. ఏ మార్గం వర్తిస్తుందనేది ప్రధానంగా రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది. మొదటిది, నగలో ఉన్న లోపం ఎటువంటిది అనేది. రెండవది, దానిని అమ్మినది వ్యాపారా లేక సాధారణ వ్యక్తా అనేది.

నేపథ్యం

పశ్చిమ ప్రకాశం ప్రాంతంలోని వెలిగండ్ల, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు పరిసరాలు ఎక్కువగా మెట్ట భూములు. వర్షాధారమైన సేద్యం చేసే కుటుంబాలకు బంగారం అలంకారం మాత్రమే కాక, పొదుపు కూడా. పంట పెట్టుబడికో, పిల్లల చదువుకో, వైద్యానికో నగను కుదువ పెట్టి అప్పు తెచ్చుకోవడం ఇక్కడ సాధారణం. పాత నగకు మజూరీ, తరుగు భారం తక్కువగా పడుతుంది కనుక కొత్తదానికంటే చౌకగా దొరుకుతుందన్న ఆలోచనతో పలువురు అంతర్జాల ప్రకటనలవైపు చూస్తారు.

ఇటువంటి నగలోని లోపం కొన్న రోజున కాక, బ్యాంకులో కుదువ పెట్టిన రోజున బయటపడే అవకాశం ఉంది. అప్పటికి ఫిర్యాదు గడువు దాటిపోవచ్చు. అందువలన నగ చేతికి అందిన వెంటనే పరీక్ష చేయించుకోవడం కొనుగోలుదారుకు అత్యంత కీలకమైన విషయం.

లోపాల స్వభావం

నగ నచ్చకపోవడం, చిత్రంలో కనబడినంత నిండుగా లేకపోవడం, వేలికి ఉంగరం పట్టకపోవడం వంటివి చట్టం దృష్టిలో లోపాలు కావు. కేవలం మనసు మార్చుకున్న కారణంగా వస్తువును తిప్పి ఇచ్చే సాధారణ హక్కు భారతీయ చట్టంలో లేదు. అమ్మకందారు గాని, అమ్మకపు వేదిక గాని వాపసు గడువును ప్రకటించి ఉంటే, ఆ షరతుల మేరకే అటువంటి నగను తిప్పి ఇవ్వవచ్చు. వాడిన నగకు సహజంగా ఉండే గీతలు, అరుగుదల కూడా సాధారణంగా ఫిర్యాదుకు ఆధారం కావు.

వర్ణనకు, వస్తువుకు మధ్య తేడా ఉంటే పరిస్థితి వేరు. వస్తు విక్రయ చట్టం, 1930 లోని 15వ సెక్షన్ ప్రకారం వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. ఈ నియమం వ్యాపారులకే కాక సాధారణ వ్యక్తులకు కూడా వర్తిస్తుంది. కింది సందర్భాలు దీని పరిధిలోకి వస్తాయి.

* 22 కారట్లని చెప్పిన బంగారం అంతకంటే తక్కువ స్వచ్ఛత కలిగి ఉండడం
* బంగారు పూత పూసిన నగను బంగారు నగగా అమ్మడం
* రాళ్ళు, లోపల నింపిన లక్క బరువును బంగారం బరువులో కలిపి చెప్పడం
* కృత్రిమమైన కెంపులు, పచ్చలను సహజ రత్నాలుగా చెప్పడం
* విరిగి అతికిన నగను మరమ్మతు లేనిదిగా చెప్పడం

పూత నగల తయారీ, అమ్మకం నేరం కావు. మచిలీపట్నం సమీపంలోని చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలకు ప్రసిద్ధి. అటువంటి నగను మేలిమి నగగా చెప్పి అమ్మినప్పుడే వివాదం ఏర్పడుతుంది.

స్వచ్ఛత పరీక్ష

భారతీయ ప్రమాణాల సంస్థ బంగారు నగలకు హాల్‌మార్కింగ్‌ను 2000లో ప్రవేశపెట్టింది. 2021 జూన్ 23 నుండి ఇది దేశంలోని 256 జిల్లాలలో తప్పనిసరి అయింది. తరువాత మరిన్ని జిల్లాలకు విస్తరించింది. 2021 జూలై నుండి ప్రతి నగకు ఆరు అక్షరాలు, అంకెలతో కూడిన ప్రత్యేక గుర్తింపు సంఖ్యను (హెచ్‌యుఐడి) ఇస్తున్నారు. 2023 ఏప్రిల్ 1 తరువాత ఈ సంఖ్య లేని హాల్‌మార్కు నగలను వ్యాపారులు అమ్మరాదు. అయితే ఇళ్ళలోని పాత నగలకు ఈ సంఖ్య లేకపోవడం సహజం. సంఖ్య లేనంత మాత్రాన నగ నకిలీదని భావించనక్కరలేదు.

సంఖ్య ఉన్న నగను బిఐఎస్ కేర్ అనే మొబైల్ అనువర్తనంలో సరిచూసుకోవచ్చు. అందులో నగ రకం, స్వచ్ఛత వంటి వివరాలు కనబడతాయి. గొలుసుపై ఉన్న సంఖ్యకు ఉంగరం వివరాలు వస్తే ఆ ముద్రను అనుమానించవలసి ఉంటుంది.

22 కారట్ల బంగారాన్ని 916 అనే అంకెతో సూచిస్తారు. అంటే వేయి భాగాలలో 916 భాగాలు బంగారం. 20 కారట్లకు 833, 18 కారట్లకు 750, 14 కారట్లకు 585 అంకెలు వాడుతారు. గీటురాయిపై గీచి చూడడం సంప్రదాయ పద్ధతి. ఎక్స్‌రే యంత్రంతో చేసే పరీక్షలో నగకు నష్టం కలగదు, కాని అది ప్రధానంగా పైపొరను మాత్రమే కొలుస్తుంది. మందపాటి పూత ఉన్న నగ విషయంలో ఇది పొరబాటుకు దారి తీయవచ్చు. కొద్దిపాటి లోహాన్ని గీకి తీసి, కరిగించి చేసే పరీక్ష ఎక్కువ కచ్చితమైనది. గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ కేంద్రాలలో సాధారణ ప్రజలు కూడా రుసుము చెల్లించి పరీక్ష చేయించుకొని నివేదిక పొందవచ్చు. పాత నగలలో అతుకుల వద్ద టంకం ఉంటుంది కనుక, అక్కడ స్వచ్ఛత మిగతా భాగం కంటే తక్కువగా కనబడవచ్చు.

హాల్‌మార్కు ఉన్న నగలో స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తక్కువైన మేరకు లెక్కించిన విలువకు రెండు రెట్లు, దానితో పాటు పరీక్ష రుసుము నగల వ్యాపారి చెల్లించాలని భారతీయ ప్రమాణాల సంస్థ నియమావళి, 2018 నిర్దేశిస్తున్నది. ఉదాహరణకు 916గా అమ్మిన 20 గ్రాముల నగ 833గా తేలితే, 18.32 గ్రాములు ఉండవలసిన బంగారం 16.66 గ్రాములే ఉన్నట్లు. తేడా 1.66 గ్రాములు. పరిహారం 3.32 గ్రాముల విలువ అవుతుంది.

అమ్మకందారు వ్యాపారి అయితే

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అంతర్జాల కొనుగోళ్ళకు కూడా వర్తిస్తుంది. పాత వస్తువును కొత్తదని చెప్పడం, బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకపోతే 30 రోజులలోగా వెనక్కి తీసుకొని సొమ్ము ఇవ్వకపోవడం ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు.

2020 జూలైలో వెలువడిన ఈ-కామర్స్ నియమావళి ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వాపసు తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదు. అమ్మకపు వేదిక ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెల రోజులలో పరిష్కరించాలి. కొనుగోలుదారు లిఖితపూర్వకంగా కోరితే అమ్మకందారు వివరాలను వేదిక ఇవ్వవలసి ఉంటుంది.

అమ్మకందారు సాధారణ వ్యక్తి అయితే

తన ఇంటిలోని నగను ఒకసారి అమ్ముకునే వ్యక్తికి ఈ-కామర్స్ నియమావళి వర్తించదు. వ్యాపారంగా క్రమం తప్పకుండా అమ్మేవారికే అది పరిమితం. ఇటువంటి అమ్మకందారుపై వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నిలబడడం కూడా కష్టం. అప్పుడు వస్తు విక్రయ చట్టం, భారత ఒప్పందాల చట్టం, 1872 ఆధారంగా సివిల్ న్యాయస్థానంలో దావా వేయవచ్చు. మోసం వలన లేదా తప్పుడు సమాచారం వలన కుదిరిన ఒప్పందాన్ని మోసపోయిన పక్షం రద్దు చేసుకోవచ్చు. అయితే తప్పుడు సమాచారం ఉద్దేశపూర్వకం కానప్పుడు, సాధారణ జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగిన కొనుగోలుదారుకు ఈ రద్దు హక్కు ఉండదు.

వ్యక్తిగత అమ్మకందారునని చెప్పుకుంటూ ఒకే ఖాతా నుండి నెలనెలా అనేక నగలు అమ్మేవారు వ్యాపారులేనని వాదించడానికి అవకాశముంది. ఆ ఖాతాలోని ఇతర ప్రకటనల నకళ్ళు ఇందుకు ఉపకరిస్తాయి.

తిరస్కరణ

నగ వర్ణనకు సరిపోలేదని తెలిసిన వెంటనే కొనుగోలుదారు తిరస్కరిస్తున్నట్లు అమ్మకందారుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. చాలాకాలం మౌనంగా ఉంచుకున్నా, నగను కరిగించినా, మార్పులు చేయించినా దానిని అంగీకరించినట్లు భావిస్తారు. అంగీకరించిన తరువాత సాధారణంగా నష్టపరిహారం మాత్రమే కోరగలరు, నగను తిప్పి ఇచ్చే హక్కు ఉండదు. అందువలన వివాదం తేలేవరకు మెరుగు పెట్టించడం, రాళ్ళు విప్పించడం చేయరాదు.

వినియోగదారుల కమిషన్

ఫిర్యాదుకు ముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 సంఖ్యపై సంప్రదించవచ్చు. అక్కడ పరిష్కారం కాకపోతే జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలను జిల్లా కమిషన్ విచారిస్తుంది. ధర 5 లక్షల రూపాయలు మించకపోతే రుసుము లేదు.

2019 చట్టం తెచ్చిన ముఖ్యమైన మార్పు ఏమిటంటే, ఫిర్యాదుదారు తాను నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. 1986 నాటి చట్టం ప్రకారం ప్రతివాది ఉన్న చోట లేదా వివాద కారణం ఏర్పడిన చోట ఫిర్యాదు చేయవలసి ఉండేది. ఇప్పుడు వెలిగండ్ల నివాసి ముంబయిలోని వ్యాపారి నుండి నగ కొన్నా ముంబయికి వెళ్ళనక్కరలేదు. ఈ ప్రాంతం చారిత్రకంగా ఒంగోలులోని జిల్లా కమిషన్ పరిధిలోనిది. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి వేదిక ద్వారా ఇంటి నుండి కూడా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు.

వివాద కారణం ఏర్పడిన నాటి నుండి రెండు సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు. నగ పరీక్ష అవసరమైతే కమిషన్ దానిని ప్రయోగశాలకు పంపుతుంది. అటువంటి కేసులను ఐదు నెలలలో, ఇతర కేసులను మూడు నెలలలో పరిష్కరించడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. తీర్పుపై 45 రోజులలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

మోసం, దొంగ సొత్తు

సొమ్ము తీసుకొని నగ పంపకపోవడం, తెలిసి తెలిసి నకిలీ నగను పంపడం మోసం కిందికి రావచ్చు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ దీనికి వర్తిస్తుంది. సొమ్ము పోయిన వెంటనే 1930 సంఖ్యకు ఫోన్ చేస్తే, అది మోసగాడి ఖాతా నుండి బయటకు పోకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. కొనుగోలుదారు తానే పిన్ సంఖ్య నమోదు చేసి పంపిన సొమ్ము అనధికార లావాదేవీ కాదు కనుక, బ్యాంకు దానిని తనంతట తానుగా భర్తీ చేస్తుందని ఆశించలేము.

దొంగిలించిన నగను మంచి నమ్మకంతో కొన్నా, సాధారణంగా దానిపై యాజమాన్యం సంక్రమించదు. పోలీసులు నగను స్వాధీనం చేసుకుంటే, కొనుగోలుదారు తాను చెల్లించిన సొమ్మును అమ్మకందారు నుండి రాబట్టుకోవలసి ఉంటుంది. దొంగ సొత్తని తెలిసి కొనడం నేరం.

సాక్ష్యాలు

కింది ఆధారాలను భద్రపరచుకోవాలి.

* ప్రకటన పాఠం, చిత్రాలు (అమ్మకం తరువాత ఇవి తొలగిపోవచ్చు)
* అమ్మకందారుతో జరిగిన సంభాషణ, చెల్లింపు రసీదు, బిల్లు
* పార్సిలును తూచి, విప్పుతున్నప్పుడు తీసిన వీడియో
* హాల్‌మార్కింగ్ కేంద్రం ఇచ్చిన పరీక్ష నివేదిక

ఫోనులోని నకళ్ళను న్యాయస్థానంలో సాక్ష్యంగా చూపడానికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023 లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

ఇతర దేశాలలో

ఐరోపా సమాఖ్య దేశాలలోను, బ్రిటన్‌లోను వ్యాపారి నుండి దూరవిక్రయం ద్వారా కొన్న చాలా వస్తువులను కారణం చెప్పకుండానే 14 రోజులలో రద్దు చేసుకునే హక్కు ఉంది. వ్యక్తుల మధ్య జరిగే అమ్మకాలకు ఈ హక్కు లేదు. అయినా బ్రిటన్‌లో వ్యక్తి అమ్మిన వస్తువు కూడా వర్ణనకు సరిపోవాలి.

ఇవి కూడా చూడండి

* బంగారం
* హాల్‌మార్క్
* వినియోగదారుల రక్షణ చట్టం
* వెలిగండ్ల