బోదకాలు: కరీంనగర్ ప్రాంతం
బోదకాలు (ఫైలేరియా) దోమ ద్వారా మనుషులకు సోకి, శోషరస నాళాలను దెబ్బతీసే పరాన్నజీవి వ్యాధి. వుచెరేరియా బాంక్రాఫ్టీ అనే సన్నని పురుగు దీనికి ప్రధాన కారణం. దోమ దీన్ని మోస్తుందని 1877లో పాట్రిక్ మాన్సన్ చైనాలో గుర్తించాడు. తెలంగాణలో దీనికి పేరుపడిన ప్రాంతాల్లో 2016 అక్టోబరు 11న విభజన జరిగిన పూర్వపు కరీంనగర్ జిల్లా ఒకటి. వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ మంచినీటిలో కంటే మురుగులో బాగా పెరుగుతుంది. తెరిచిన కాలువలు, మూత సరిగాలేని సెప్టిక్ ట్యాంకులు, ఇళ్ల మధ్య నిలిచిన వాడిన నీరు దాని నెలవులు. అందుకే పారుదల లేని పేదల వాడల్లో ముప్పు ఎక్కువ. దోమ పక్క వీధికీ ఎగురుతుంది కదా అనవచ్చు. నిజమే; కానీ ఒక్క కాటుతో వ్యాధి రావడం అరుదు. నెలల తరబడి పదేపదే కుట్టించుకునేది కాలువ పక్కన, జాలీలేని గదుల్లో పడుకునేవారే.

జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి ఏటా పురుగులను చంపే డీఈసీ మాత్రల సామూహిక పంపిణీ సాగింది. తర్వాత ఆల్బెండజోల్ మందు తోడైంది. ఇవి ప్రధానంగా రక్తంలోని పిల్ల పురుగులను చంపుతాయి. పెద్ద పురుగు 6-8 ఏళ్లు బతుకుతుంది కనుక ఒక్క విడతతో పని తీరదు. మాత్రలే చాలునన్న వాదనకు 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి బోదకాలు నిర్మూలన ధ్రువీకరణ పొందిన శ్రీలంకను చూపుతారు. అయితే అక్కడ దోమల నియంత్రణ 1940ల నుంచే నడిచింది. ముదిరిన వాపును మందు పూర్తిగా తగ్గించలేదు. బాధితులకు తెలంగాణ ప్రభుత్వం పింఛను ఇస్తోంది.