మంచు కింద బంగారుతీగ

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైర్ అయినాకనే నేర్చుకున్నాము. తప్పులుంటే మన్నించి చదవండి.

పోయిన వారం మా తమ్ముడి కొడుకు కెనడా నుంచి ఫోన్ చేసినాడు. "పెద్దనాయనా, ఇంటి వెనక చిన్న చేపల గుంట తవ్వించినాను. ఇప్పుడు పైనంతా ఐస్ కట్టింది. సుత్తితో పగలగొట్టేదా?" అని అడిగినాడు. "సుత్తి మాత్రం ముట్టొద్దురా" అన్నాము. వాడు నవ్వినాడు. తమిళనాడులో ఉండే పెద్దనాయనకు ఐస్ సంగతి ఏం తెలుసు అనుకున్నాడేమో. మాకు తెలుసు. తప్పు చేసి తెలుసుకున్నాము.

1990ల మొదట్లో మేము కొండ రైలు లైనులో ఊటీలో గుమాస్తాగా ఉండినాము. మెట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో, అక్కడినుంచి ఊటీకి 1908లో వచ్చిన లైను అది. క్వార్టర్స్ వెనక ఒక సిమెంటు తొట్టి. మోకాలి లోతు నీళ్ళు. మా పాప అందులో ఆరు చేపలు పెంచేది. ఒక జనవరి తెల్లవారుజామున చూస్తే తొట్టి మీద అద్దం మాదిరి పలచని ఐస్. అక్కడివాళ్ళు ఉరైపని అంటారు, నీళ్ళను గడ్డకట్టించే మంచు. చేపలకు ఊపిరాడదని భయపడి మేము ఇనుప కడ్డీతో టకటకా కొట్టి పగలగొట్టినాము. పక్కింట్లో తోటపని చేసే పెద్దాయన "వద్దు సార్, ఎండ రానీండి" అన్నాడు. వినలేదు. రెండు రోజుల్లో నాలుగు చేపలు తేలినాయి. పాప వారం దినాలు మాతో సరిగా మాట్లాడలేదు.

ఆ రోజు చేసిన తప్పు ఏమిటనేది ఎన్నో ఏళ్ళ తరువాత, చేపల చెరువుల చరిత్ర చదివినప్పుడు అర్థమయింది. అందుకే ఈ వ్యాసం.

ఐరోపా నడుమ, సముద్రానికి దూరంగా బొహీమియా అనే సీమ ఉండాది. ఇప్పటి చెక్ దేశంలో ఒక భాగం. క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసం తినకూడదు, చేప తినవచ్చు. సముద్రం లేదు కాబట్టి చెరువులు తవ్వినారు. అక్కడి ట్రెబోన్ ఊరి చుట్టూ 16వ శతాబ్దంలో తవ్విన చెరువులు ఈనాటికీ పనిచేస్తా ఉండాయి. ష్టెపానెక్ నెటోలిట్స్కీ అనే ఆయన ఆ చెరువులకు పారే నీళ్ళు అందించే దానికి దాదాపు 48 కిలోమీటర్ల కాలువ తీసినాడు. దాని పేరు బంగారు కాలువ. తరువాత యాకుబ్ కర్చిన్ కట్టించిన రోజంబెర్క్ చెరువు 1590లో పూర్తయింది. సుమారు 490 హెక్టార్లు, అంటే 1,200 ఎకరాలు. యాన్ డుబ్రావియస్ అనే బిషప్పు 1547లోనే చేపల చెరువుల మీద ఒక పుస్తకం అచ్చు వేయించినాడు.

ఆ చెరువుల్లో పెంచింది కార్ప్ చేప. ఆ చలిలో అది అమ్మకానికి తగినంత పెరగాలంటే మూడు నాలుగేళ్ళు పడుతుంది. అంటే మూడు చలికాలాలు ఐస్ కింద బతకాల. ఒక్క చలికాలంలో చేప చచ్చిందంటే ఏళ్ళ కష్టం పోయినట్టే. మన చెరువుకు కరువు భయమైతే వాళ్ళ చెరువుకు ఐస్ భయం.

నీళ్ళ గుణం ఒకటి చెప్పాల. నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. అంతకంటే చల్లబడితే తేలికై పైకి వస్తాయి. అందుకే ఐస్ పైన కడుతుంది, అడుగున 4 డిగ్రీల నీళ్ళు నిలుస్తాయి. చేప అడుక్కు పోయి, తినక, కదలక పడుకుంటుంది. గుంట లోతుగా ఉంటే చలి దాన్ని చంపదు. చంపేది ఊపిరి. ఐస్ మీద మంచు పేరుకుంటే వెలుతురు దిగదు, నీటి మొక్కలు ప్రాణవాయువు ఇవ్వలేవు. అడుగున ఆకులు, బురద కుళ్ళి ఉన్న ప్రాణవాయువునూ తినేస్తాయి, చెడు గాలి బయటికి పోయే దారి ఉండదు.

దీనికి ఐరోపా చెరువులవాళ్ళ ఉపాయాలు చాలా సాదా. చిన్న చేపలను చలికాలానికి లోతైన చెరువులకు మార్చి, నీళ్ళు పారనిస్తారు. ఐస్ మీది మంచు ఊడుస్తారు. అక్కడక్కడ రంధ్రం కోస్తారు. గడ్డి కట్టనో రెల్లు కట్టనో నిలువుగా నిలబెడతారు, దాని సందుల్లో గాలి ఆడుతుంది. చెరువంతా కరిగించాలని ఎవరూ చూడరు. ఒక రంధ్రం చాలు.

మా తొట్టికి వస్తాము. ఊటీ సరస్సు లోతైనది, పగటి వేడి దాచుకుంటుంది. మోకాలి లోతు తొట్టికి ఆ బలం లేదు, అడుగు దాకా చల్లబడింది. చలికి బిగుసుకున్న చేప పారిపోలేదు, కడ్డీ దెబ్బ అదురు నీళ్ళలో నేరుగా దానికి తగులుతుంది. ఒక్క రాత్రి కట్టిన పలచని ఐస్‌తో ఊపిరి ఆగేదీ లేదు. పది గంటల ఎండకు అదే కరిగేది. పెద్దాయన చెప్పింది అదే.

ఇంకొక సంగతి. ఐరోపా చెరువుల్లో పెరిగిన ఆ కార్ప్ జాతిలోనే, ఒంటి మీద కొన్ని పెద్ద పొలుసులే ఉండే అద్దం కార్ప్‌ను 1939లో సిలోను నుంచి నీలగిరికి తెచ్చినారు. చలికి అలవాటు పడిన చేప కాబట్టి కొండల్లో నిలిచింది. అదే జాతిలో వేడికి తట్టుకునే రకాన్ని 1957లో బ్యాంకాక్ నుంచి తెచ్చినారు, అది మైదానాల చెరువులకు పాకింది. ఆంధ్రలో ఆ చేపను బంగారుతీగ అంటారు. పరాయి దేశం చేపకు మన భాషలో ఇంత అందమైన పేరు ఉందని మాకు అరవై దాటినాకనే తెలిసింది.

మా వాడికి ఇట్ల చెప్పినాము. "సుత్తి వద్దు. ఒక గిన్నెలో వేడినీళ్ళు పోసి ఒడ్డు పక్కన ఐస్ మీద పెట్టు, రంధ్రం పడుతుంది. అది మూసుకోకుండా నీళ్ళ మీద తేలే చిన్న హీటరు పెట్టు. గాలి మోటారు పెడితే పై నీళ్ళలోనే పెట్టు, అడుగు నీళ్ళు కలపొద్దు. మేత వేయొద్దు. పైన మంచు ఊడ్చు, కానీ ఐస్ మీద నడవొద్దు. వచ్చే ఏడు చలికి ముందే ఆకులు ఎత్తేసి, గుంట మీటరుకు మించి లోతు చేయించు."

వాడు అన్నీ రాసుకున్నాడు, ఇంగ్లీషులో. వాడికి తెలుగు చదవడం రాదు. ఈ వ్యాసం కూడా మేమే ఫోనులో చదివి వినిపించినాము. మధ్యలో రెండు మూడు మాటలకు అర్థం అడిగినాడు, చెప్పినాము. "వచ్చే ఆదివారం ఇంకొకటి చదువు పెద్దనాయనా" అన్నాడు. రంధ్రం మూసుకోకుండా చూసుకుంటే చాలు. మన సంఘంలో పిల్లలు దూరాన ఉండే వాళ్ళందరూ వారానికి ఒక ఫోను ఇట్ల చేసి చూడండి.