రోమ్ వేసవి – 'చెడ్డ గాలి' కథ

ఇటలీ రాజధాని రోమ్‌ది మధ్యధరా శీతోష్ణస్థితి. మనకు వేసవి వెనుకే వర్షాలు వస్తాయి. అక్కడ వానలు ఎక్కువగా శరత్కాలంలో, శీతాకాలంలో కురుస్తాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు పొడిగా, వేడిగా ఉంటుంది. ఇప్పుడు ఆ నెలల్లోనూ యాత్రికులతో కిటకిటలాడే ఈ నగరాన్ని ఒకప్పుడు కలవారు వేసవి రాగానే వదిలి కొండ ప్రాంతాలకు వెళ్లిపోయేవారు. ఎండ ఒక్కటే కారణం కాదు, జ్వరాల భయం కూడా.

నగరం చుట్టూ పల్లపు నేలల్లో వాననీరు నిలిచేది. వేసవి చివర జ్వరాలు విజృంభించేవి. 1623 వేసవిలో కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి సమావేశమైన కార్డినల్స్‌లో చాలామంది మంచం పట్టారు, కొందరు మరణించారు. బురదనేలల నుంచి లేచే గాలే దీనికి మూలమని అప్పటి నమ్మకం. ఇటాలియన్‌లో 'మాల్ అరియా' అంటే చెడ్డ గాలి. 'మలేరియా' పేరు అలా పుట్టింది. చీకటి పడగానే కిటికీలు మూసేవారు. గాలిని ఆపుతున్నామనుకుని దోమలను ఆపారన్నమాట! పరిశీలన సరైనదే, కారణమే తప్పు.

1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి ఏడాది రోమ్‌లో గ్రాస్సీ, ఆయన సహచరులు మనుషులకు దాన్ని చేరవేసేది అనాఫిలిస్ దోమేనని నిరూపించారు. క్వినైన్ పంపిణీ, చిత్తడి నేలల ఎండగట్టడం, డి.డి.టి. ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. 1970లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటలీని మలేరియా రహిత దేశంగా ప్రకటించింది.

రోమ్‌లో ఎండలు తగ్గలేదు, వానల కాలమూ మారలేదు. నిలువ నీటి గుట్టు తెలిసింది, అంతే. మలేరియా ఇంకా పూర్తిగా వదలని మన దేశానికి ఈ కథ పాతది కాదు.