వలస – శరీర బరువు

కొత్త దేశంలో లేదా నగరంలో స్థిరపడినవారి బరువు ఏళ్లు గడిచేకొద్దీ మారే తీరు. వలస వచ్చిన కొత్తలో చాలామంది అక్కడి స్థానికులకంటే సన్నగా ఉంటారు. క్రమంగా ఆ తేడా తగ్గిపోతుంది.

అమెరికాలో: 2000 నాటి జాతీయ ఆరోగ్య సర్వే ఆధారంగా 2004లో వెలువడిన అధ్యయనం ప్రకారం, వచ్చి ఏడాది నిండని వలసదారుల్లో స్థూలకాయులు 8 శాతం; 15 ఏళ్లు, ఆపైన ఉన్నవారిలో 19 శాతం; అక్కడే పుట్టినవారిలో 22 శాతం.

స్వదేశంలో: 2010లో ప్రచురితమైన భారత వలస అధ్యయనం హైదరాబాద్, బెంగళూరు, నాగ్‌పూర్, లక్నో కర్మాగారాల్లో పనిచేసే వలస కుటుంబాలను పల్లెల్లోనే ఉన్న తోబుట్టువులతో పోల్చింది. పురుషుల్లో స్థూలకాయం పల్లెల్లో 19, వలసదారుల్లో 37.8, నగరవాసుల్లో 41.9 శాతంగా తేలింది.

కారణాలు: కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి పరిసరాల వంటి వరి సీమల్లో పెరిగినవారికి మూడు పూటలా అన్నం అలవాటు. పొలం పని, నడక ఆ శక్తిని ఖర్చు చేయించేవి. వలస తరువాత కుర్చీ ఉద్యోగం, కారు ప్రయాణం వస్తాయి. అన్నం తగ్గదు, దానికి నూనె, చక్కెర, బయటి తిండి తోడవుతాయి.

ప్రాముఖ్యం: దక్షిణాసియా వారికి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం వస్తుంది. అందుకే అమెరికా మధుమేహ సంఘం 2015లో ఆసియా సంతతివారి పరీక్షకు శరీర ద్రవ్యరాశి సూచిక హద్దును 25 నుంచి 23కు తగ్గించింది. బరువుతో పాటు నడుము కొలతనూ గమనించుకోవడం ప్రాణరక్షణే.