కచేరీ చేర్చిన జనం

పాలమూరు, నల్లగొండ పట్టణాల్లో ఎవరెవరున్నారని అడిగితే చాలామంది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. తెలుగు మాట్లాడే హిందువులు ఇక్కడివాళ్లు, మిగిలినవాళ్లంతా ఎప్పుడో ఎక్కడినుంచో వచ్చినవాళ్లు. చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే ఈ లెక్క కుదరదు. ఈ రెండూ రేవు పట్టణాలు కావు, పెద్ద తీర్థాలూ కావు. వాన తక్కువ, రాయి ఎక్కువ ఉన్న మెట్ట ప్రాంతపు ఊళ్లు. అయినా ఉర్దూ, మరాఠీ, లంబాడీ, కన్నడ మాటలు వీటి పరిసరాల్లో తరాలుగా వినిపిస్తున్నాయి. నేల సారం ఇంతమందిని పిలవలేదు. వాళ్లను పిలిచింది సర్కారు కొలువు. ఎవరు వచ్చారు, ఎవరు నిలిచారు, ఎవరికి ఊళ్లో చోటు దొరకలేదు అన్నవి మూడూ ప్రధానంగా రాజ్యానికి ఎవరితో ఏం పని పడిందన్న దాని మీద నడిచాయి. వంశం, రక్తం అన్న మాటలు ఆ తరవాత అతికించిన చీటీలు.

మొదట 'మొదటివాళ్లు' అన్న మాట సంగతి చూద్దాం. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు కందూరు చోడుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు ఆ కాలపు ఆనవాళ్లు. ఈ చోడులు తెలుగు నేలను ఏలుతూనే తమ వంశాన్ని తమిళ దేశపు కరికాలుడితో కలుపుకున్నారు. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉన్నారు. ఆ చాళుక్యుల కాలంలో ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని కొలనుపాక పెద్ద అధికార కేంద్రం, జైన క్షేత్రం. అక్కడా, ఉమ్మడి పాలమూరులోని అనేక చోట్లా కన్నడ శాసనాలు దొరికాయి. ఊళ్లో జనమంతా కన్నడిగులు కాబట్టి కన్నడంలో చెక్కించారని అనుకోనక్కర్లేదు, ఏలేవారి భాష అది. కానీ ఆ భాష రాయగలిగిన లేఖకులు, అధికారులు, దండనాయకులు ఇక్కడ మసలారన్నది మాత్రం కాదనలేం. అంటే తొమ్మిది వందల ఏళ్ల వెనక్కి వెళ్లినా మనకు కలగలుపు లేని మొదటి పొర తగలదు.

ఈ పట్టణాల ఆధునిక రూపం నిజాం దివాను సాలార్ జంగ్ సంస్కరణలతో మొదలైంది. 1865లో జిల్లాబందీ, అంటే జిల్లాల ఏర్పాటు, వచ్చింది. తాలూక్‌దార్లు, తహసీల్దార్లు, అదాలతులు, ఠాణాలు వెలిశాయి. 1890 డిసెంబరు 4న ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద పాలమూరును మహబూబ్‌నగర్ చేశారు. 1901 జనగణన నాటికి మహబూబ్‌నగర్ జనాభా 7,600 దాకా, నల్లగొండ జనాభా 6,000కు లోపు. అంత చిన్న ఊళ్లలో ఒక జిల్లా కచేరీ పడితే జనాభా తూకమే మారిపోతుంది. 1880లలో ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. ఆ భాష వచ్చిన ముస్లింలు, కాయస్థులు, హైదరాబాదు నుంచి వచ్చిన గుమాస్తాలు, వకీళ్లు, జవాన్లు కచేరీ చుట్టూ ఇళ్లు కట్టుకున్నారు. గ్రామాల మీద దేశ్‌ముఖ్, దేశ్‌పాండ్యా వతన్లు (వంశపారంపర్య హక్కులు) అప్పటికే ఉన్నాయి. ఈ బిరుదులు మరాఠీ సీమవే అయినా వాటిని ధరించినవాళ్లలో తెలుగు రెడ్లు, వెలమలు, బ్రాహ్మణులే ఎక్కువ. కచేరీ వేసిన ముద్ర నేటికీ చెదరలేదు. ఉమ్మడి జిల్లాల మొత్తం జనాభాలో ముస్లింలు పదో వంతుకు లోపే ఉంటే, జిల్లా కేంద్రాల్లో వారి వాటా దానికి ఎన్నో రెట్లు. ముస్లింలు ఇక్కడ ఉండటానికి దండయాత్రే కారణమైతే వాళ్లు పల్లెపల్లెకూ సమానంగా పరుచుకుని ఉండాలి. పట్టణాల్లోనే ఇంతగా పోగుపడటానికి కొలువే సరైన కారణం.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. కొలువుకు వచ్చిన పరాయివాళ్లు గుప్పెడు మంది, వాళ్ల ప్రస్తావన వింత విషయమే తప్ప చరిత్ర కాదంటారు. నిజానికి ఆ గుప్పెడు మందే సూత్రాన్ని స్పష్టంగా చూపిస్తారు. 19వ శతాబ్దంలో ఉమ్మడి పాలమూరులోని వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా మూలాల సిద్దీలతో ఒక అంగరక్షక దళం పెట్టుకున్నాడు. తరవాత అది నిజాం కొలువులోకి వెళ్లి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ బస్తీ ఆ దళం పేరే. పాలమూరు మెట్టలోకి ఆఫ్రికా సంతతిని తెచ్చింది కొలువే, ఇక్కడినుంచి నగరానికి తరలించిందీ కొలువే. 1889లో రష్యా సామ్రాజ్యం నుంచి బయలుదేరిన జర్మన్ భాషీయుడు అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో బాప్టిస్టు మిషన్ నెలకొల్పాడు. సర్కారు కాకపోయినా అదీ ఒక సంస్థే, దానికీ సొంత పని ఉంది. ఆ మిషనరీ దొరలు ఎప్పుడో వెళ్లిపోయారు. బడులు, ఆస్పత్రులు, చర్చిలు మిగిలాయి. ఆ చర్చిల్లో కూర్చునేది ప్రధానంగా మాల, మాదిగ కుటుంబాలు. మతం పేరు దూరదేశానిది, మనుషులు ఈ మట్టి మనుషులు.

ఇదే సంగతి ముస్లింల విషయంలో ఇంకా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. పాత జనగణనలు వాళ్లను సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ అని నాలుగు గంపల్లో వేశాయి. పేర్లను బట్టి చూస్తే అందరూ అరేబియా, తుర్కిస్తాన్, అఫ్గానిస్తాన్‌ల నుంచి దిగినట్టే ఉంటుంది. కానీ మతం మారిన స్థానికులు ఎక్కువగా షేక్ అనే రాయించుకునేవారు. దూది ఏకే దూదేకులవారు ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలు. 2007లో ఉమ్మడి రాష్ట్రం బి.సి.-ఇ రిజర్వేషన్ ఇచ్చినప్పుడు షేకులను జాబితాలో చేర్చి సయ్యద్, మొగల్, పఠాన్, అరబ్ వర్గాలను బయట ఉంచింది. తెలంగాణ 2024లో జరిపిన కులసర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లిం బి.సి.లు 10.08 శాతం, ముస్లిం ఓ.సి.లు 2.48 శాతం. సర్కారు జాబితా వంశానికి రుజువెలా అవుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జాబితా చెప్పేది వెనుకబాటు గురించి, రక్తం గురించి కాదు. అయితే అదే ప్రశ్న పాత గంపలకూ వర్తిస్తుంది. 1901లో జనగణన కమిషనర్ రిస్లీ ముక్కుల కొలతలతో జాతులను తేల్చబోయాడు, ఆ పద్ధతిని నేడు ఏ శాస్త్రవేత్తా ఒప్పుకోడు. సంస్కృతిని చూసి పుట్టుకను ఊహించడమూ అంతే నమ్మరానిది. పాలమూరు జిల్లా బ్రాహ్మణుడు బూర్గుల రామకృష్ణారావు ఫారసీలో మహా పండితుడు, ఆ సాహిత్య చరిత్రను తెలుగులో రాసినవాడు. 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయినవాడు. ఆయన ఫారసీని చూసి ఇరాన్‌వాడని ఎవరూ అనలేదు కదా!

కొలువుతో ఏ సంబంధమూ లేని లంబాడీలు, చెంచుల మాటేమిటన్నది మరో ఆక్షేపణ. లంబాడీల కథ కొలువుకు దూరమైనది కాదు. మొగలుల దక్కను దండయాత్రల్లో సైన్యాలకు ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద మోసినవాళ్లు వాళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ రవాణా పోయి దేవరకొండ, అచ్చంపేట వైపు తండాలు కట్టుకున్నారు. 1976 చట్టంతో తెలంగాణలో షెడ్యూల్డ్ తెగల్లో చేరారు. ఆ తరవాత హాస్టళ్లు, సర్కారు ఉద్యోగాలు వాళ్లను పట్టణాలకు చేర్చాయి. అంటే కొలువే రెండుసార్లు వాళ్ల దారి మార్చింది. చెంచులది తలకిందులైన ఉదాహరణ. ఈ సీమలో అందరికన్నా పాతవాళ్లని ఎవరినైనా అనగలిగితే నల్లమల చెంచులనే అనాలి. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో వాళ్ల మీద పుస్తకమే అచ్చువేశాడు. జిల్లా కేంద్రాల్లో మాత్రం వాళ్లు కనిపించడం అరుదు. ముందు వచ్చినవాళ్లకే ఊళ్లో ముందు చోటు దక్కేదైతే వాళ్లే మధ్యన ఉండాలి. కచేరీకి వాళ్లతో పని పడలేదు, అందుకే దూరంగా మిగిలారు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ పాలమూరు వలస. దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి ఎత్తిన 'పాలమూరు లేబర్' ఉండగా, ఈ ఊళ్లు జనాన్ని పిలిచాయనడం విడ్డూరంగా తోస్తుంది. కానీ ఇవి ఒకదాన్నొకటి కొట్టేసే వాస్తవాలు కావు. చదువు, భాష, పరపతి ఉన్నవాళ్లకు కచేరీ తలుపు తెరిచింది. నీళ్లు లేని చేను, తీరని అప్పు మిగతావాళ్లను బయటికి తోశాయి. నల్లగొండ పద్మశాలీలు మగ్గం పనికి మహారాష్ట్రలోని భీవండి దాకా పోయారు. అదే జిల్లాకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు అందాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కోస్తా రైతులు వచ్చి పొలాలు కొన్నారు. రాజ్యం తవ్విన కాలువ కూడా కచేరీలాగే జనాన్ని ఎంచింది. రాజ్యం మారితే జనం చెదరడమూ ఉంది. హైదరాబాదును భారత్‌లో కలిపిన 1948 పోలీసు చర్య తరవాత ముస్లింలపై జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీ నల్లగొండను బాధిత జిల్లాల్లో చేర్చింది.

చివరికి 'స్థానికుడు' అన్న హోదాను కూడా రాజ్యమే తయారుచేసింది. నిజాం కాలపు ముల్కీ (స్థానికుల) నిబంధన బయటినుంచి వచ్చినవారిని 15 ఏళ్ల స్థిర నివాసం అడిగింది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారని అడిగింది. రెండూ తాతముత్తాతల ఊరును అడగలేదు, రెండూ పుట్టింది ఉద్యోగాల పంపకం కోసమే. కాబట్టి ఎవరు ముందు వచ్చారన్న తగాదాకు ఈ పట్టణాల చరిత్రలో తీర్పు దొరకదు. ఎవరికి ఏ పనిలో చోటు దొరికింది, ఎవరికి దొరకలేదు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఉంది. చెంచుకూ, మట్టిపని చేసిన కూలీకీ బాకీ ఉన్న జవాబు అదే.