డబ్బాను కాదు, ఎర్త్ వైరును అనుమానించండి

డిసెంబర్ 23, బొగ్గు సంస్థ సింగరేణి ఆవిర్భావ దినోత్సవం వస్తుందంటే నాకు 1886 గుర్తొస్తుంది. ఇల్లెందు బొగ్గు తవ్వే హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కింది ఆ ఏడే. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ కోరిందీ ఆ ఏడే. ఆ తర్వాత డెబ్బై ఏళ్లు పెట్రోలు బండిని దాదాపుగా కార్బొరేటరే ఏలింది. మన అంబాసిడర్, ఫియట్ దాని నీడలోనే పెరిగాయి.

నాకిష్టమైన కథ 1958లో జరిగింది. బెండిక్స్ తయారుచేసిన ‘ఎలక్ట్రోజెక్టర్’ను అమెరికాలో క్రైస్లర్ తన కార్లు కొన్నింటికి బిగించింది. కార్బొరేటర్‌కు బదులుగా, ఇంజిన్‌కు ఎంత పెట్రోలు కావాలో ఓ చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా లెక్కగట్టి, అంతసేపే నాజిల్ తెరిపిస్తుంది. ఆ రోజుల్లో అదెంత సాహసం! అలా అమ్మిన కార్లు సుమారు 35. మైనం పట్టించిన కాగితపు కెపాసిటర్లు వేడికీ చెమ్మకీ ఆగలేదు. చాలా కార్లను వెనక్కి రప్పించి, కార్బొరేటర్లు పెట్టి పంపేశారు. అసలు ఎలక్ట్రోజెక్టర్‌తో ఇప్పటికీ మిగిలిన వాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా దృష్టిలో తప్పు ఆలోచనది కాదు, కాగితానిది. పేటెంట్ హక్కులు జర్మన్ కంపెనీ బాష్‌కు వెళ్లాయి. 1967లో అదే ఆలోచన ‘డీ-జెట్రానిక్’ పేరుతో ఫోక్స్‌వ్యాగన్ 1600లో నిలదొక్కుకుంది.

డీ-జెట్రానిక్ బండి మిస్సింగ్ కొడితే ముందు డబ్బా జోలికి పోకూడదు. పెట్రోలు ఒత్తిడి గేజ్ మీద 2 బార్ దగ్గర నిలుస్తోందా? ఎర్త్ వైర్లకు తుప్పు పట్టిందా? రబ్బరు పైపులు పగిలి గాలి పీలుస్తున్నాయా? డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే ట్రిగ్గర్ పాయింట్లు శుభ్రంగా ఉన్నాయా? మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే సెన్సర్‌లోని పల్చటి రేకు చీలిందా? ఇవన్నీ చూశాకే డబ్బా.

సింగరేణి గనులున్న గోదావరిఖని, రామగుండంలో ఇంజెక్షన్ బండ్లకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఓపెన్‌కాస్ట్ గనుల బొగ్గు దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను తొందరగా మూసేస్తుంది, ఎండ రబ్బరును పెళుసు చేస్తుంది. 1998లో సాంట్రో కారు, ఆ వెనకే ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కూ విడిగా పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్) మారుతి 800 వచ్చాక ఇంజెక్షన్ మన వీధుల్లో మామూలైపోయింది. అక్కడి నుంచి కథ చెదిరిపోయింది. కాలుష్య ప్రమాణాలు మారాయి, పెట్రోలులో 20 శాతం ఇథనాల్ చేరింది. దానికి తట్టుకునేలా తయారు కాని పాత పైపులను మార్చుకోక తప్పదు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ పరీక్ష.

మీ ఇంట్లో తొలినాటి ఎంపీఎఫ్ఐ బండి ఉంటే తుక్కుకు వేయకండి, ఇంజిన్ మార్చకండి. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపుకు యాభై ఏళ్లు నిండాలి, ఇంజిన్, ఛాసిస్, బాడీ పుట్టినట్టే ఉండాలి. 1998 సాంట్రోకు ఆ అర్హత వచ్చేది 2048లో.