పసివాడి ఊపిరి - ఇంటి పెద్దల మాట



మా పద్మనాభం కొండ మీద అనంతపద్మనాభస్వామి కోవెల ఉంది. వెయ్యికి పైగా మెట్లు. సగం ఎక్కేసరికి ఎంతటివారికైనా ఊపిరి సంగతి గుర్తుకొస్తుంది. మిగతా రోజుల్లో దాన్ని తలుచుకునేదెవరు చెప్పండి! ఈవేళ ఆ ఊపిరి గురించే మీతో నాలుగు మాటలు చెప్పుకుంటాను.

మా పక్కింటివారు ఆర్యవైశ్యులు. వారి అయిదేళ్ళ మనవడికి విశాఖపట్నంలో టాన్సిల్స్ ఆపరేషన్ చెయ్యాలన్నారు. తోడుగా నేనూ వెళ్ళాను. ముందురోజు మత్తుమందు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి, "మీరు వైశ్యులా అమ్మా? ఇంట్లో మేనరికాలున్నాయా? మీవాళ్ళలో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక చాలాసేపు ఊపిరి రాక ఇబ్బంది పడ్డారా?" అని అడిగింది. పిల్లవాడి తల్లి ముఖం చిన్నబోయింది. డాక్టరమ్మ వెళ్ళాక, "గొంతునొప్పికి కులమెందుకు పిన్నిగారూ?" అంది. అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. తల వంచుకుని కూర్చుంది.

ఆ ప్రశ్న వెనక పెద్ద చరిత్రే ఉందండీ.

1794 జూలై 10న మా పద్మనాభంలోనే విజయరామరాజుగారి సేనకూ కుంపిణీ సేనకూ యుద్ధం జరిగింది. ఆ రోజుల్లో గాయానికి కత్తి పెడితే మనిషి స్పృహతోనే భరించాలి. ఈథరు మత్తు సంగతి 1846లో గాని లోకానికి వెల్లడి కాలేదు. మత్తు వచ్చినా ఇంకో చిక్కు మిగిలింది. మనిషి నిద్రపోయినా కండరాలు బిగుసుకునే ఉంటాయి. అవి వదులు కావాలంటే మత్తు బాగా ఎక్కించాలి. అది ప్రాణం మీదికి వచ్చేది.

దక్షిణ అమెరికా అడవిజాతుల వారు బాణాలకు పూసే విషం ఒకటుంది, క్యురారే అని. అది కండరాలను సడలించేస్తుంది. 1942 జనవరిలో కెనడాలోని మాంట్రియల్‌లో గ్రిఫిత్, జాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని ఆపరేషన్‌లో వాడి చూపించారు. తక్కువ మత్తుతోనే పని జరిగింది. అయితే ఊపిరి ఆడించేవీ కండరాలే కదా! అవీ సడలిపోతాయి. అందుకని ఆపరేషన్ జరిగినంతసేపూ డాక్టరే ఊపిరి అందించాలి. పని అయ్యాక ఎవరి ఊపిరి వారికి తిరిగి అప్పగించాలి. అసలు నేర్పంతా ఆ అప్పగింతలోనే ఉంది.

దీనికి విరుగుడు ఎలా దొరికిందో చూడండి. ఆఫ్రికాలో కాలబార్ గింజ అనే విషపు గింజ ఉంది. దాని సారం క్యురారేకు విరుగుడని 1900లోనే వియన్నాలో జేకబ్ పాల్ గమనించాడు. తర్వాత 1934లో, ఇంగ్లండులో మేరీ వాకర్ అనే డాక్టరమ్మ, కండరాలు నీరసించిపోయే ఒక జబ్బును చూసి, "ఇది అచ్చం క్యురారే విషం ఎక్కినట్టే ఉందే" అనుకుని ఆ గింజ మందే ఇచ్చింది. రోగికి బలం వచ్చింది. పెద్ద పేరున్న ఆవిడ కాదు, శ్రద్ధగా చూసిన ఆవిడ. అదే కోవలో తయారైన నియోస్టిగ్మిన్‌నే ఈనాటికీ ఆపరేషన్ల తర్వాత విరుగుడుగా వాడుతున్నారు.

అది ఎలా పనిచేస్తుందంటారా? పంక్తి భోజనం ఊహించుకోండి. నరం నుంచి కబురు తెచ్చే పదార్థం కండరం ముందు విస్తరి దగ్గర కూర్చుంటేనే కండరం కదులుతుంది. క్యురారే వచ్చి ఆ విస్తళ్ళన్నీ ఆక్రమించుకుంటుంది. నియోస్టిగ్మిన్ దాన్ని గెంటదు. అసలు చుట్టాలను పంపించేసేవాణ్ణి ఆపుతుంది. చుట్టాలు పెరిగి తమ విస్తళ్ళు తాము దక్కించుకుంటారు. దీనివల్ల గుండె వేగం తగ్గుతుంది గనుక అట్రోపిన్ వంటి మందు కూడా కలిపి ఇస్తారు.

పసిపిల్లల విషయం మరీ సున్నితం. వాళ్ళకి ప్రాణవాయువు ఖర్చు ఎక్కువ, నిల్వ తక్కువ. కాస్త నీరసం మిగిలినా ప్రమాదమే. 1950 ప్రాంతంలో లివర్‌పూల్‌లో జాక్సన్ రీస్ అనే డాక్టరు పసికందులకు ఈ పద్ధతి అమర్చాడు. ఊపిరి అందించే చిన్న సంచి ఆయన పేరుతోనే మన దేశంలోనూ వాడుకలో ఉంది.

ఇక మన పక్కింటి ప్రశ్నకు వస్తాను. సక్సినైల్‌కోలిన్ అని మరో మందుంది, 1950ల నుంచి వాడుకలో ఉన్నది. దీనికి వేరే విరుగుడు అక్కర్లేదు. మన రక్తంలోని ఒక ఎంజైమే దాన్ని కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది. అయితే కొందరికి ఆ ఎంజైమ్ పుట్టుకతోనే ఉండదు. జీవితమంతా ఆరోగ్యంగానే ఉంటారు. ఈ ఇంజెక్షన్ పడితే మాత్రం గంటల తరబడి సొంత ఊపిరి రాదు. నియోస్టిగ్మిన్ కూడా దీనికి మందు కాదు. మందు దిగేదాకా నిద్రలోనే ఉంచి యంత్రంతో ఊపిరి అందించాలి. కోయంబత్తూరులో ఉంటున్న వైశ్యుల్లో ఈ లోపం తక్కినవారికన్నా చాలా ఎక్కువని, దానికి కారణమైన జన్యువు మార్పుతో సహా 2006లో అక్కడి భారతియార్ విశ్వవిద్యాలయం, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించారు. తరతరాలుగా అయినవాళ్ళలోనే సంబంధాలు కలుపుకున్న ఏ కులంలోనైనా ఇటువంటివి పోగుపడతాయి. ఇది తప్పు కాదు, తక్కువా కాదు. ఇతర కులాల్లోనూ ఈ లోపం లేకపోలేదు.

ఆ రాత్రి అత్తగారు నా పక్కన కూర్చుని మెల్లగా నోరు విప్పింది. "మా మరిదికి ఆపరేషన్ చేశాక తెల్లార్లూ మిషను మీద ఉంచారు వదినగారూ. ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని మా మావగారు ఎవరికీ చెప్పొద్దన్నారు." ముప్పై ఏళ్ళు దాచిన మాట! తెల్లవారగానే కోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళి ఆవిడే డాక్టరమ్మకు చెప్పింది.

పిల్లవాడి రక్తం పరీక్ష చేశారు. ఎంజైమ్ లేదని తేలింది. ఆ ఇంజెక్షన్ మానేసి, విరుగుడున్న వేరే మందు వాడారు. ఇప్పుడు సుగమ్మడెక్స్ అనే కొత్త విరుగుడు కూడా ఉంది. మన గంజిలో ఉండే పిండిపదార్థం నుంచి చేసిన చక్కెర ఉంగరం లాంటిది. రోక్యురోనియం వంటి మందును తనలో బంధించి తీసుకుపోతుంది. 2008లో యూరప్, 2015లో అమెరికా అనుమతించాయి. రెండేళ్ళు దాటిన పిల్లలకు అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. సక్సినైల్‌కోలిన్‌కు మాత్రం అదీ పనిచెయ్యదు సుమండీ.

ఆపరేషన్ అయిందన్నాక కూడా చాలాసేపు పిల్లవాణ్ణి బయటికి తేలేదు. మునుపైతే మేమంతా గాభరా పడేవాళ్ళం. ఈసారి అర్థమైంది, ఊపిరి అప్పగింత జరుగుతోందని. కాసేపటికి లోపలినుంచి బొంగురు ఏడుపు వినబడింది. ఆ ఏడుపు విని నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది.

సోదరీమణులారా, ఇంట్లో ఎవరికైనా మత్తుమందు వల్ల ఇబ్బంది కలిగి ఉంటే ఒక కాగితం మీద రాసి బియ్యం కార్డు దగ్గర భద్రపరచండి. తోడబుట్టిన వాళ్ళకీ చెప్పండి. డాక్టరు అడిగితే చిన్నబుచ్చుకోకండి. అడక్కపోతే మీరే చెప్పండి. పరువు కోసం దాచిన మాట ఒక పసివాడి ఊపిరికి అడ్డం కాకూడదు.